శిక్ష కాదు, చికిత్స కావాలి

1944 ఏప్రిల్ 14న బొంబాయి రేవులో ప్రేలుడు పదార్థాలతో నిండిన ఓడ బ్రద్దలుకాగా, మంటలార్పబోయిన 66 మంది అగ్నిమాపక సిబ్బంది ప్రాణాలర్పించారు. ఏటా ఆ దినాన ప్రభుత్వాలు వారికి నివాళులర్పిస్తాయి. మంటలనుండి ప్రాణాలతో తిరిగివచ్చినవాని మనస్సు ఏమైనదని మాత్రం విచారించవు.

గంట ఎప్పుడు మ్రోగునోయని కాచుకొని కూర్చోవడం, మ్రోగిన క్షణాన మృత్యుముఖంలోకి దూకడం: ఇదే ఫైర్‌మన్ కొలువు. కాలిన పసిబిడ్డను చేతులపై మోసుకొచ్చిన రాత్రి అతనికి నిద్ర పట్టదు. చేతిలో ఫోను, అందులో రమ్మీ, క్రికెట్ పందెం ఉంటాయి. తొలుత అది మరపు. పిమ్మట పోయిన సొమ్ము రాబట్టుకోవాలనే ఆరాటం. ఆపైన అప్పు, అబద్ధం, అవమానం. కొందరిని అది ఆత్మహత్య తలపువరకూ ఈడ్చుకుపోతుంది. 2022లో అమలులోకి వచ్చిన ప్రపంచ ఆరోగ్య సంస్థ వ్యాధుల వర్గీకరణ జూద వ్యసనాన్ని రుగ్మతగానే గుర్తించింది.

ఇది అగ్నిమాపక కేంద్రాలకే పరిమితమని మనం భావించరాదు. బండిక్రింద మనిషి పడగా చూచి, ఆ బండినే ముందుకు నడిపిన లోకో పైలట్‌కూ, రాత్రంతా ఆర్.ఎం.ఎస్.లో ఉత్తరాలు వేరుచేసే సార్టరుకూ ఆ నిద్రలేమి తెలుసు. పోస్టాఫీసు కౌంటరులోని సోదరుని చేతిలోనైతే ప్రజల సొమ్ము కూడా ఉంటుంది.

అతడు ఎవరితో చెప్పుకోవాలి? తపాలా ఉద్యోగులకు వర్తించే 1964 ప్రవర్తనా నియమాలలోను, 1966 రైల్వే నియమాలలోను 17వ నియమం అలవాటుగా అప్పులపాలు కారాదని శాసిస్తున్నది. నోరు విప్పితే ఛార్జిషీటు, విప్పకుంటే వినాశం. 2025 ఆగస్టులో పార్లమెంటు ఆమోదించిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం సైతం డబ్బు ఆటలు నడిపేవారిని, ప్రకటనలిచ్చేవారిని శిక్షించమన్నదే కాని, ఆడి చెడినవానిని కాదు. పార్లమెంటు చూపిన విచక్షణ అధికారులు చూపలేరా?

ప్రజాధనం అపహరించినవానిని వెనకేసుకు రమ్మని మేము కోరడం లేదు. అంతవరకూ పోకముందే చేయి అందించమంటున్నాము. తనంత తానుగా వచ్చి చెప్పుకొన్న ఉద్యోగిపై అప్పుల పేర చర్య తీసుకోరాదు. ఘోర ప్రమాదం చూచిన వానికి విశ్రాంతి, మానసిక వైద్య సలహా డ్యూటీలో భాగం కావాలి. అతడు వైద్యునికి చెప్పినది సర్వీసు రికార్డు కెక్కరాదు.

మన శాఖలకూ బాధ్యత ఉన్నది. సహకార పరపతి సంఘంలో మాటిమాటికీ అప్పు కోరే సహచరుని, జామీను కోసం బల్లబల్లకూ తిరిగే సోదరుని హేళన చేయకండి. ప్రక్కన కూర్చుండబెట్టుకొని విచారించండి. రేయింబవళ్లు ఉచితంగా పలికే టెలి మానస్ నంబరు 14416ను ప్రతి యూనియన్ బోర్డుపైన వ్రాయించండి. అతని అప్పు మనం తీర్చలేకపోవచ్చును, మనిషిని మాత్రం దక్కించుకోగలము.