ఇంటి లెక్క: అంతర్జాలపు వేలమున విక్రయించుట యింకను లాభమేనా?



ఈ మాసమున మాకు చేరిన జాబులలో మూడింట నొకటే ప్రశ్న గలదు. ఇంటనున్న పాతసామానునో, నేతచీరెలనో ఫోనుద్వారా వేలమునకు బెట్టి యమ్మినచో లాభము వచ్చునా యని. ప్రశ్న చిన్నదే గాని దాని వెనుక గృహిణుల చేతిసొమ్మున్నది. ఒక సోదరి చీటీ పాడి తెచ్చిన యేబదివేల రూపాయలతో పోచంపల్లి చీరెలు కొని యిట్లు విక్రయింప దలచినది. ఆ చీటీకి ఇంకను పదునెనిమిది వాయిదాలు కట్టవలసియున్నవి. కావున ఈ విషయమును నిదానముగ విచారించుట మంచిది.

వేలము మనకు క్రొత్తది కాదు. చీటీపాట యెఱుగని యిల్లాలు మన సీమలో నరుదు. పాటనాడు ఎవరికి అవసరమెక్కువయో వారే యెక్కువ సొమ్ము వదలుకొని పాడుదురు. నిబ్బరముగ ఆగగలిగినవారు ఆ వదలిన సొమ్ములో భాగము పొందుదురు. ఆగలేనివారికి వేలము మిత్రము కాదను సంగతి మనకిందే తెలియుచున్నది.

వేలము వెలను మిక్కిలి పెంచు సందర్భములును గలవు. మా తుర్కయాంజాలునకు అంత దవ్వు గాని బాలాపురములో గణేశుని లడ్డు వేలము 1994వ సంవత్సరమున 450 రూపాయలతో మొదలైనది. అదియే 2024లో 30 లక్షల 1,000 రూపాయలకును, 2025లో 35 లక్షల రూపాయలకును బోయినది. అందలి పిండియు చక్కెరయు నంత వెల చేయునా? చేయవు. అయినను ఆ లడ్డు ఏడాదికొక్కటియే. దానిని గోరువారు పెక్కురు. వారందఱును ఒకే దినమున, ఒకే చోట గూడి, ఒకరి పాట నొకరు విందురు. భక్తియు ప్రతిష్ఠయు వారికి దోడగును. వస్తువు ఒంటిదగుట, కోరువారు పెక్కురగుట, వారందఱొక్కచో గూడుట అను నీ మూడును గలచోటనే వేలము అమ్మువారికి మేలు చేయును.

అంతర్జాలపు వేలము పుట్టినప్పుడు ఈ మూడును దానియందు గలవు. 1995 సెప్టెంబరులో అమెరికాయందు పియరీ ఒమిడ్యార్ అనునతడు, తరువాత ఈబే యని పేరొందిన సైటును నెలకొల్పెను. అందు తొలుత అమ్ముడుపోయినది పనిచేయని లేజరు పాయింటరొకటి. దాని వెల 14 డాలర్ల 83 సెంట్లు. చెడినవస్తువునకు గూడ ఎచ్చటనో యొక కొనుగోలుదారు డుండుననియు, అతనిని వెదకి తెచ్చుట సాధ్యమనియు లోకమునకు అపుడు తెలిసినది. మన దేశమున 2000వ సంవత్సరములో ముంబైయందు బాజీ డాట్ కామ్ అనునది యీ మార్గముననే వెలసినది. 2004లో ఈబేవారు దానిని సుమారు 5 కోట్ల డాలర్లకు గొని తమ పేరు బెట్టిరి. 2017లో అది ఫ్లిప్‌కార్టువారి చేతికి జేరినది. 2018 ఆగష్టు 14న ఆ భారతీయ సైటు మూతపడినది.

అదే 2000వ సంవత్సరమున, అదే ముంబైలో, చిత్రపటములను వేలము వేయు శాఫ్రన్‌ఆర్ట్ సంస్థ పుట్టినది. అది నిలిచినది. 2023 సెప్టెంబరులో అమృతా షేర్‌గిల్ చిత్రించిన పటమొకటి దాని వేలమున 61 కోట్ల 80 లక్షల రూపాయలకు బోయినది. ఒకే యేట, ఒకే నగరమున బుట్టిన రెంటిలో ఒకటి మూతపడి యొకటి నిలుచుటకు గారణమేమి? షేర్‌గిల్ పటము వంటిది మఱియొకటి లేదు. ఫోనులు, గడియారములు, చీరెలు పది దుకాణములలో దొరకును; వాని వెలలు ఫోనులోనే కానవచ్చును. వెల తెలిసిన వస్తువునకై ఏడు దినములు పాట పాడుచు గూర్చుండు నోపిక యెవరికి గలదు? ఈబేవారే 2000లో నిర్ణయవెలకు వెంటనే కొనుటకు వీలు కల్పించిరి. కాలక్రమమున ఆ పద్ధతియే అచ్చట వేలమును మించిపోయినది.

ఇక అమ్మువారి లెక్క చూతము. వేలమున వెల గెలిచినవారి కోరికను బట్టి గాక, వారి తరువాతివారి కోరికను బట్టి నిలుచును. ఈ ధర్మమును 1961లో విలియం విక్రీ యను ఆర్థికశాస్త్రవేత్త విశదపఱచెను. 1996లో ఆయనకు నోబెల్ బహుమానము లభించెను. ఉదాహరణకు 5,000 రూపాయలకు గొన్న చీరెను వేలమునకు బెట్టితిమనుకొనుడు. ఒకామె 8,000 వఱకైన నిచ్చుటకు సిద్ధముగ నున్నది. రెండవయామె 5,500 వద్ద ఆగినది. అప్పుడు చీరె 5,600కే పోవును. నూటికి పది చొప్పున కమీషను 560, కట్టుబడికి 60, కొరియరునకు 140 పోగా చేతికి వచ్చునది 4,840. అసలులోనే 160 రూపాయలు తఱిగినవి. రంగు నచ్చలేదని చీరె తిరిగివచ్చినచో రెండువైపుల ఖర్చును మనదే. అదే చీరెను 6,200 నిర్ణయవెలకు తెలిసినవారికి ఫోనుద్వారా చూపి యమ్మినచో, కట్టుబడియు కొరియరును 200 పోగా 1,000 రూపాయలు మిగులును. అంకెలు మేము ఉదాహరణకు వేసినవే. మీ వస్తువునకు మీరు మీ యంకెలు వేసి చూచుకొనుడు.

పరదేశమునకు బంపిన హెచ్చు వెల వచ్చునందురు. ఈబేద్వారా మన వర్తకులు విదేశములకు విక్రయించుచున్నమాట నిజమే. కాని 2025 ఆగష్టు 29 నుండి అమెరికా ప్రభుత్వము 800 డాలర్లలోపు సరకునకు గల సుంకపు మినహాయింపును ఎత్తివేసినది. అప్పుడు మన తపాలాశాఖవారు ఆగష్టు 25నుండి ఆ దేశమునకు పార్సిళ్లు గైకొనుట నిలిపి, అక్టోబరు 15న గాని మఱల ఆరంభింపలేదు. పెద్ద వర్తకుడు రెండు నెలలు ఆగగలడు. నెలనెల వాయిదా కట్టవలసిన యిల్లాలు ఆగగలదా?

అత్తగారినాటి యిత్తడి బిందెలు, తాళపత్రములు అమ్మదలచిన సోదరీమణులకు ఒక హెచ్చరిక. 1972వ సంవత్సరపు పురావస్తు కళానిధుల చట్టము ననుసరించి నూఱేండ్లు నిండిన విగ్రహములు, నాణెములు, చిత్తరువులు మున్నగు ప్రాచీనవస్తువులను, 75 ఏండ్లు నిండిన విలువగల వ్రాతప్రతులను స్వంతముగ విదేశములకు బంపరాదు. వానితో వ్యాపారము చేయుటకు లైసెన్సు వలయును. తాళపత్రములు ఇంట నున్నచో తెలిసిన పండితునికి చూపుడు, తొందరపడి యమ్మకుడు.

పాత నాణెమునకు, ట్రాక్టరు బొమ్మగల అయిదురూపాయల నోటునకు లక్షలిత్తుమని ఫోనులో వచ్చు ప్రకటనలను నమ్మకుడు. రిజర్వుబ్యాంకు పేరు చెప్పి ముందుగా రుసుము గుంజు మోసములు గలవని ఆ బ్యాంకువారే 2021 ఆగష్టు 4న ప్రజలను హెచ్చరించిరి. కొనువాడు ఎప్పుడును అమ్మువారికి సొమ్మిచ్చును గాని, వారినుండి సొమ్మడుగడు. సొమ్ము పుచ్చుకొనుటకు పిన్ నంబరు కొట్టవలసిన పనియే లేదు. "ఈ క్యూఆర్ ముద్రను స్కాను చేయుము, సొమ్ము పడును" అనువాడు దొంగ. మోసపోయినచో సిగ్గుపడి దాచక వెంటనే 1930కు ఫోను చేయుడు.

అట్లయిన వేలమును పూర్తిగ మానవలెనా? అక్కఱలేదు. మీయొద్ద మఱియొకటి దొరకని వస్తువున్నచో, దానిని గోరువారెచ్చట గూడుదురో తెలిసినచో, వేలమునకే పెట్టుడు. కాని కనీసపు వెలను ముందే నిర్ణయింపుడు. మా తుర్కయాంజాలు లేఅవుటులోని ప్లాట్లను హెచ్.ఎం.డి.ఏ.వారు అంతర్జాలమున వేలము వేసినప్పుడు, కనీసపు వెల ప్రకటించి, ధరావతు చెల్లించినవారినే పాటకు రానిచ్చిరి. లక్షల సొమ్ము గలవారే యట్లు జాగ్రత్తపడుచుండ, ఏబదివేలే సర్వస్వమైన మనము ఒక రూపాయితో పాట మొదలుపెట్టుట తగదు.

చీటీ సోదరికి మా మాట యిది. ఏబదివేలును ఒకేసారి చీరెలలో బెట్టవలదు. వాయిదాలకు ఆఱు నెలల సొమ్ము వేఱుగ నుంచుము. రెండు మూడు చీరెలు మాత్రము తెచ్చి, నిర్ణయవెలకు, తెలిసినవారికి అమ్ముము. అవి పోయిన పిదప వచ్చిన సొమ్ముతోనే మఱికొన్ని తెమ్ము.

కాశీనగరపు వీథిలో హరిశ్చంద్రుడు చంద్రమతిని విక్రయించిన కథ మనమెల్లరము విన్నదే. ఋణమునకు గడువు ముగియుచుండగా ఆయన బేరమాడు స్థితిలో లేడు. కాలకౌశికుడు కొనుటకు వచ్చినదే చాలునని యిచ్చివేసెను. అమ్ముటకు వీథిలోనికి వచ్చునప్పుడు "ఈ దినము అమ్మకున్నను నాకు గడచును" అని చెప్పుకొనగలిగిన స్థితి యుండవలయును. ఆ నిబ్బరము గలనాడు ఏ పద్ధతిని అమ్మినను నష్టము స్వల్పమే; అది లేనినాడు వేలమువంటి ప్రమాదము వేఱొకటి లేదు.