ఉరుకుడు తప్పు కాదు, ఉరికిచ్చే తీరే తప్పు

2024 ఆగస్టు, సెప్టెంబర్ నెలల్ల జార్ఖండ్‌ల ఎక్సైజ్ కానిస్టేబుల్ ఉద్యోగాలకు పరుగు పరీక్ష పెట్టిన్రు. 583 పోస్టులకు లక్షల మంది పోటీ. మగపిల్లలు 60 నిమిషాల్ల 10 కిలోమీటర్లు ఉరకాలె. గా పరుగుల కూలిపోయి పది మందికి పైగా పిలగాండ్లు పానం ఇడిసిన్రు. అప్పుడు సర్కారుకు సోయి వచ్చింది. కొన్నొద్దులు పరుగు ఆపింది. పొద్దుగాల 9 దాటినంక ఉరికియ్యొద్దన్నది. ఆఖరికి రూల్ మార్చి 1600 మీటర్లకు తెచ్చింది. పోయిన పానాలైతే మళ్ల రావు.

జార్ఖండ్ ముచ్చట మనకెందుకంటరా? పొద్దుగాల ఐదింటికి మీ మండలంల కాలేజీ గ్రౌండ్‌కు పొయ్యి సూడుండ్రి, ఎంతమంది ఉరుకుతున్నరో తెలుస్తది. 2022 పోలీస్ నోటిఫికేషన్‌ల మగపిల్లలకు 1600 మీటర్లు 7 నిమిషాల 15 సెకన్లు, ఆడపిల్లలకు 800 మీటర్లు 5 నిమిషాల 20 సెకన్లు పెట్టిన్రు. దూరం తక్కువే. కష్టమంతా తయారయ్యే తీరుల ఉన్నది. 2018 తర్వాత మళ్ల 2022ల నోటిఫికేషన్ వడ్డది. అప్పటిదాక రీడింగ్ రూంల కుర్సీకి అతుక్కున్నోళ్లే ఎక్కువ. ప్రిలిమ్స్ ఫలితాలు అక్టోబర్‌ల వచ్చినయ్, డిసెంబర్‌ల ఈవెంట్స్. నాలుగేండ్ల కూసునుడును రెండు నెలల ఉరుకుడుతోని పూడ్చాలంటే గుండె ఏమైతది?

ఉరుకుడు గుండెకు శత్రువు కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దోళ్లకు వారానికి 150 నుంచి 300 నిమిషాలు మోస్తరు కసరత్తు చెయ్యాలంటున్నది. కొద్దికొద్దిగ పెంచితే గుండె గట్టిపడ్తది. అయితే కొందరికి గుండె కండ మందంగ ఉంటది, ఇంకొందరికి గుండె లయల తేడా ఉంటది. మామూలుగ తిరిగినన్ని రోజులు అది బయటపడదు. ఒక్కసారి పానం పెట్టి ఉరికినప్పుడు బయటపడ్తది.

అందుకే తమ్మీ, చెల్లే, జర ఇనుండ్రి. నోటిఫికేషన్ కోసం ఆగకుండ ఇప్పటిసందే నడుసుడు మొదలువెట్టుండ్రి. మాట్లాడుకుంట ఉరికేటంత జోరు సాలు, నెలల మీద పెంచుకోవాలె. ముందు పది నిమిషాలు నడిసి ఒళ్లు వేడి చేసుకోవాలె, ఉరికినంక దబ్బున కూసోకుండ మెల్లగ నడవాలె. జరమొచ్చినప్పుడు ఉరకొద్దు, తగ్గినంక గూడ కొన్నొద్దులు ఆగాలె. ఎండల, ఉత్త కడుపుతోని, నీళ్లు తాగకుండ ఉరుకుడు పనికిరాదు. గ్రౌండ్‌ల ఎవరో ఇచ్చిన పొడులు, సూదులు ముట్టనే ముట్టొద్దు.

ఉరికేటప్పుడు ఛాతీల నొప్పి, గుండె దడ, కండ్లు తిరుగుడు ఉంటే దాన్ని గ్యాస్ అని కొట్టిపారెయ్యొద్దు. ఇంట్ల ఎవరన్న చిన్న వయసుల ఉన్నట్టుండి చనిపోయి ఉంటే, ఉరికేముందే డాక్టర్‌కు చెప్పి ఈసీజీ తీపిచ్చుకోవాలె. దోస్తు కూలి, పిలిస్తె పలకక, ఊపిరి సరిగ్గ తీసుకోకపోతే వీడియో తీసుకుంట నిలవడొద్దు. ఒకరు 108కు ఫోన్ చెయ్యాలె, ఒకరు ఛాతీ నడిమిట్ల రెండు చేతులతోని నిమిషానికి 100 నుంచి 120 సార్లు గట్టిగ ఒత్తాలె. అంబులెన్స్ వచ్చేదాక ఆపొద్దు.

ఇగ సర్కారు సంగతి. ఉద్యోగం వచ్చినంక మెడికల్ టెస్టు చేస్తరు, పరుగుకు ముందు గుండెను ఎవరు సూస్తున్నరు? ఈవెంట్స్‌కు ముందే సర్కారు దవాఖానల ఈసీజీ ఉచితంగ తియ్యాలె. ఏటా నోటిఫికేషన్ తేదీ ముందే చెప్పాలె. గ్రౌండ్‌ల అంబులెన్స్‌తోని పాటు, ఆగిన గుండెకు షాక్ ఇచ్చే మిషిన్ గూడ ఉండాలె. కొలువు కోసం ఉరికే పిల్లగాడు మళ్ల నడుసుకుంటనే ఇంటికి రావాలె.