రంపం పెట్టే చోటు మారాలి

నూజివీడు ప్రాంతంలో ముదురు మామిడి తోటలు మొదలంటా కూలుతున్నాయి. ఆ చోట ఆయిల్‌పామ్ మొక్కలు లేస్తున్నాయి. కాపు తగ్గిన చెట్టును కలపకు అమ్మి చేను ఖాళీ చేసుకుంటే తప్పేమిటని రైతు అడగడంలో న్యాయముంది. అయితే ఆ చెట్టు ఎందుకు కాయడం మానేసిందో ముందు తెలుసుకోవాలి. మామిడి సతతహరితం. ఆకంతా ఒకేసారి రాల్చదు. ఒక కొమ్మ రాగిరంగు చిగురు వేస్తుంటే పక్క కొమ్మ ముదురాకుతో ఉంటుంది. పూత మాత్రం ఎక్కువగా ముదిరిన రెమ్మ చివరి మొగ్గలోనే పుడుతుంది. ముదురు తోట కష్టమంతా అక్కడే ఉంది. పది మీటర్ల ఎడంతో, ఎకరాకు 40 చెట్ల లెక్కన నాటిన తోటలో నాలుగైదు దశాబ్దాలకు కొమ్మలు ఒకదానిలో ఒకటి దూరిపోతాయి. లోపలి రెమ్మకు ఎండ తగలదు, పూత రాదు. కాసిందంతా పైఅంచునే. అక్కడికి చిక్కమూ అందదు, మందూ చేరదు. ఆ నీడలో, తేమలో తేనెమంచు పురుగు పెరుగుతుంది. అంటే చెట్టు సత్తువ చావలేదు, వెలుతురు కరువైంది.

దీనికి మందు చెట్టులోనే ఉంది. మామిడి బెరడు కింద నిద్రపోయే మొగ్గలుంటాయి. డిసెంబరులో పెద్ద కొమ్మలను మూడు నాలుగు మీటర్ల ఎత్తున కోసి, కోతలకు బోర్డో పేస్టు పూస్తే అవి మేల్కొని గుత్తులుగా చిగురిస్తాయి. బయటికి సాగే నాలుగైదు బలమైన చిగుళ్లను ఉంచి మిగతావి తీసేస్తే మూడో ఏటి నుంచి మళ్లీ కాపు. రకం నచ్చకపోతే ఆ కొత్త చిగుళ్ల మీదే చిన్నరసమో బంగినపల్లో అంటు కట్టుకోవచ్చు. దశాబ్దాలు లోతుకు దిగిన వేరు అలాగే ఉంటుంది. ఆయిల్‌పామ్‌కు ఈ వరం లేదు. దానికి ఎదిగే మొగ్గ ఒక్కటే, తల నరికితే చెట్టు పోయినట్టే. ఇక మామిడి కలపా? టేకులా చేవ తేలదు, చెదలు త్వరగా పడతాయి. ప్యాకింగ్ పెట్టెలకూ ప్లైవుడ్‌కూ చవక బల్లలకూ పోతుంది. దానికోసం మొదలు నరకడం నష్టపు బేరం.

రెండేళ్లు కాపు లేకుండా ఇల్లెలా గడుస్తుందన్నది గట్టి ప్రశ్న. తోటంతా ఒకేసారి కోయమని ఎవరూ అనరు. ఏటా కొన్ని వరసలు కోస్తే మిగతా వరసలు కాస్తూనే ఉంటాయి, కోసిన కొమ్మల కలప కూలి ఖర్చుకు ఆసరా అవుతుంది, ఎండ పడ్డ నేలలో మినుమో కందో పండుతుంది. కాండం తొలిచే పురుగు భయమూ నిజమే. కోసిన చెట్టును గమనిస్తూ ఉండాలి, ఏమరిస్తే చెట్టే పోతుంది. ధర పడిపోతే మాత్రం కొమ్మ కోత ఏమీ చేయలేదు, అది మార్కెట్‌లో తేలాల్సిన గొడవ. ఆయిల్‌పామ్ వైపు రైతును లాగుతున్నదీ కొనేవాడున్నాడన్న ధీమాయే. పూతకు ముందే తోటను కౌలుకిచ్చే అలవాటు ఇంకో అడ్డు: ఒక్క కాపు చూసుకునే కౌలుదారు మూడేళ్ల తరవాతి కొమ్మను ఎందుకు కాపాడతాడు? కాబట్టి ఈ పని తోట సొంతదారే పూనుకోవాలి. పాత తోటల పునరుద్ధరణకు కేంద్ర ఉద్యాన పథకంలో చోటుంది, నూజివీడులోనే మామిడి పరిశోధన స్థానం ఉంది. కలప వ్యాపారికి బేరం చెప్పేముందు ఒక్కసారి అక్కడికి వెళ్లి అడగండి.