మనోవర్తి.. ఉత్తర్వులకే పరిమితం!

పిల్లల పోషణకు తండ్రి నెలనెలా మనోవర్తి చెల్లించాలని న్యాయస్థానం ఆదేశిస్తుంది. దాన్ని రాబట్టుకునే భారం మాత్రం తల్లిపైనే పడుతోంది. బకాయిలు వసూలుచేసి అందజేసే ప్రత్యేక వ్యవస్థ దేశంలో లేకపోవడమే ఈ దుస్థితికి మూలం.

సెక్షను మారినా..

నేరశిక్షా స్మృతిలోని 125వ సెక్షను స్థానంలో 2024 జులై 1 నుంచి భారతీయ నాగరిక సురక్షా సంహితలోని 144వ సెక్షను అమల్లోకి వచ్చింది. వసూలు విధానం మాత్రం మారలేదు. బకాయి పడితే తల్లి మళ్లీ పిటిషను వేయాల్సిందే. సొమ్ము చెల్లించాల్సిన తేదీ నుంచి ఏడాదిలోగా కోర్టును ఆశ్రయించకుంటే ఆ మొత్తానికి వారెంటు జారీ కాదు. వాయిదాలకు తిరిగిన ప్రతిసారీ కూలి పోగొట్టుకునే పేద తల్లులకు ఈ గడువే శాపమవుతోంది.

తండ్రి ఉద్యోగి అయితే జీతం నుంచి మినహాయించే వీలుంది. కూలీలు, వలస వెళ్లినవారి విషయంలో ఆ అవకాశం లేదు. చిరునామా దొరక్కపోతే వారెంటు అమలు కాదు.

జైలుకెళ్లినా తీరని బాకీ

చెల్లించని వారికి నెల వరకు జైలుశిక్ష విధించవచ్చు. శిక్ష అనుభవించినంత మాత్రాన బాకీ రద్దుకాదని సుప్రీంకోర్టు 1988లోనే తేల్చిచెప్పింది. దరఖాస్తు చేసిన నాటి నుంచే మనోవర్తి ఇవ్వాలని, ఇరుపక్షాలూ ఆస్తులు, ఆదాయ వివరాలతో ప్రమాణపత్రం సమర్పించాలని 2020లో రజనేష్-నేహ కేసులో నిర్దేశించింది. దీంతో రావాల్సిన మొత్తం లెక్కల్లో పెరిగినా, చేతికందే మార్గం సుగమం కాలేదు.

మహిళలకు, పిల్లలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా న్యాయవాదిని సమకూరుస్తుంది. ఏడాది గడువు దాటకముందే ఆ సాయం అందేలా చూస్తేనే ఉత్తర్వులకు విలువ.