రిటైరయ్యాక వ్యవసాయమట!

మన సాఫ్టువేరు జనాలు నలుగురు టీ దగ్గర చేరితే చాలు, ఐదు నిమిషాల్లో మాట ఒక్కచోటికే వస్తుంది. "ఇంకో పదేళ్ళు బాబూ... నలభై ఐదుకల్లా ఇదంతా మానేసి, ఊరెళ్ళిపోయి హాయిగా వ్యవసాయం చేసుకుంటా." పక్కవాడు తలూపుతాడు. వాడిదీ అదే ప్లాను. ఆ 'హాయిగా' అన్న మాట దగ్గరే నాకు ఒళ్ళు మండుతుంది.

కాస్త ఘాటుగానే చెప్తున్నాను, ఏమీ అనుకోకండి. ఇది ప్లాను కాదు. మేనేజరు మీద కోపం వచ్చిన రోజు వేసుకునే తలనొప్పి మాత్ర. ఒట్టి మాత్రే అయితే పోనీలే అనుకోవచ్చు. కానీ ఈ కలకి అయ్యే ఖర్చు మనం పెట్టుకోవట్లేదు, ఊళ్ళో ఇంకొకరి చేత పెట్టిస్తున్నాం. నా గొడవంతా దాని గురించే.

ముందు డబ్బు లెక్క చూద్దాం, మనకి బాగా వచ్చనుకునేది అదే కదా. ఏడాది ఖర్చుకి పాతిక రెట్లు పోగేస్తే చాలు, ఏటా నాలుగు శాతం తీసుకుంటూ బతికేయొచ్చు అంటారు. ఆ నాలుగు శాతం 1994లో విలియం బెంగెన్ అనే అమెరికా ఆర్థిక సలహాదారు వేసిన లెక్క. అక్కడి షేర్లు, బాండ్ల చరిత్ర తీసుకుని ముప్ఫై ఏళ్ళ రిటైర్మెంటుకి వేశాడు. నలభై ఐదుకి మానేసి ఎనభై ఐదు దాకా ఉంటే అది నలభై ఏళ్ళు. మన ధరలు వేరు, మన వడ్డీలు వేరు. మన అమ్మానాన్నల ఆస్పత్రి బిల్లులైతే ఆ లెక్కలోకే రావు.

"పీఎఫ్ పెన్షన్ ఉందిగా" అంటారా? 2014 సెప్టెంబరులో పెట్టిన 15,000 రూపాయల వేతన పరిమితితో లెక్కేయండి. వేతనాన్ని సర్వీసు ఏళ్ళతో గుణించి 70తో భాగించాలి. ముప్ఫై ఐదేళ్ళు చేసినా నెలకి 7,500. పూర్తి పెన్షన్ యాభై ఎనిమిదికి గానీ రాదు. పదేళ్ళ సర్వీసు లేకపోతే నెలవారీ పెన్షనే లేదు!

సరే, డబ్బు ఎలాగో సర్దుకున్నారనే అనుకుందాం. మరి వ్యవసాయం మాటేమిటి?

మాది తణుకు దగ్గర పల్లె. మా మేనమామ కౌలు రైతు. ఆయన పనిని మన భాషలో చెప్పాలంటే ఏడాది పొడుగునా ఆన్‌కాల్, రొటేషన్‌కి ఇంకో మనిషి లేడు. కాలవ నీళ్ళ వంతు రాత్రి రెండింటికి వస్తే రెండింటికే లేవాలి. రోల్‌బ్యాక్ అనేది లేదు. 2023 డిసెంబరులో మిచాంగ్ తుపాను వచ్చినప్పుడు కోసి పడేసిన పనలు నీళ్ళలో నానిపోయాయి. ఎకరానికి ముప్ఫై బస్తాలు పండిన ఏడు కూడా అందులో పన్నెండు బస్తాలు కౌలుకే పోతాయి. పండకపోయినా కౌలు కట్టాల్సిందే. నేను ఒకసారి హాయిగా వ్యవసాయం సంగతి చెప్తే ఆయన నవ్వి, "ఏం అల్లుడూ, మీ ఆఫీసులో అంత కష్టమా?" అన్నాడు.

ఆయన చేస్తున్న మూడెకరాల ఆసామి కొడుకు మనలాంటి ఇంజినీరే. రెండేళ్ళ కిందట వచ్చి, "నేనే ఆర్గానిక్ చేద్దామనుకుంటున్నాను" అని పొలం వెనక్కి తీసుకున్నాడు. అది ఆయన హక్కు, కాదనలేం. చుట్టూ కంచె వేశారు, గేటు పెట్టారు, ఏవో మొక్కలు నాటారు. ఆసామి కొడుకు ఇప్పటికీ ఉద్యోగంలోనే ఉన్నాడు. మొక్కలు సగం చచ్చిపోయాయి, తుంగ మాత్రం ఏపుగా ఉంది. పదకొండేళ్ళుగా అక్కడ పండించిన మనిషి ఇప్పుడు పక్క ఊళ్ళో కౌలు వెతుక్కుంటున్నాడు. శంకర్‌పల్లి, చేవెళ్ళ వైపు వెళ్ళినా ఇదే తంతు. గుంటల లెక్కన ఫారం ప్లాట్లు, నాలుగు శ్రీగంధం మొక్కలు, నెలకోసారి వచ్చే కారు. నిన్నటిదాకా అక్కడ జొన్నో పత్తో వేసిన మనిషి ఏమయ్యాడని ఆ కారులోవాళ్ళెవరూ అడగరు.

కంచె వెయ్యకపోయినా ఇంకో నష్టం ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో 2019లో పంట సాగుదారు హక్కుల చట్టం తెచ్చారు. దాని ప్రకారం కౌలు రైతుకి పదకొండు నెలల కార్డు ఇస్తారు. పంట రుణానికి, నష్టపరిహారానికి అదే ఆధారం. కానీ భూయజమాని సంతకం పెట్టాలి. ఆ యజమాని హైదరాబాదులోనో డల్లాసులోనో కూర్చుని "రిటైరయ్యాక నేనే చేసుకుంటా కదా, ఇప్పుడీ కాగితాలెందుకు" అంటాడు. అంటే మనం ఎప్పుడో చెయ్యబోయే వ్యవసాయం కోసం, ఇవాళ వ్యవసాయం చేస్తున్న మనిషికి అప్పు పుట్టకుండా చేస్తున్నామన్నమాట. మరి ఆయన రిటైర్మెంటు మాటేమిటి? అరవై దాటితే వచ్చే వృద్ధాప్య పింఛను, 2024 జూలై నుంచి నెలకి 4,000. పాతిక రెట్లూ లేవు, నాలుగు శాతమూ లేదు!

ఇంకో ముచ్చట. ఈ కలలో గట్టు మీద కూర్చుని ముద్దపప్పు, ఆవకాయ తినే సీను ఒకటి తప్పకుండా ఉంటుంది. ఆ క్యారేజీ ఎవరు కట్టారో మాత్రం ఏ మగాడూ చెప్పడు. మీరు నలభై ఐదుకి రిటైరవుతారు సరే, మీ ఆవిడ వంటింట్లోంచి ఎన్నో ఏట రిటైరవుతారు? ఆవిణ్ణి అడిగారా?

"అయితే కలలు కనొద్దా" అంటారు. కనండి, నాకూ ఉన్నాయి. నాకిప్పుడు ఇరవై తొమ్మిది. అరవై దాటాక ఊళ్ళో పిల్లలకి లెక్కలు చెప్పాలని ఉంది. కాకపోతే మా నాన్నని చూశాక నాకొకటి అర్థమైంది. ఆయన మాస్టారుగా రిటైరయ్యాక సంస్కృతం నేర్చుకుంటానన్నారు, పుస్తకాలు కూడా కొన్నారు. అవి ఇప్పటికీ బీరువాలోనే ఉన్నాయి. ఉద్యోగంలో ఉండగా రోజూ పొద్దున్నే చేసిన మల్లెమొక్కల పని మాత్రం ఇప్పటికీ మానలేదు. రిటైరైన మర్నాడు మనం కొత్త మనిషిగా లేవం. అంతకుముందు కొద్దో గొప్పో చేస్తున్న పనే తర్వాతా చేస్తాం. అందుకే నేను ఆదివారాలు రెండు గంటలు మా వీధిలో తొమ్మిదో తరగతి పిల్లలకి లెక్కలు చెప్తున్నాను. విసుగొస్తోందా, ఓపిక ఉందా అన్నది ఇప్పుడే తేలిపోతుంది, ముప్ఫై ఏళ్ళు ఆగక్కర్లేదు. మీకు నిజంగా వ్యవసాయమే కావాలంటే ఈ సార్వాకి పది రోజులు సెలవు పెట్టి నాట్లకి వెళ్ళండి. నడుం ఏం చెప్తుందో వినండి.

మాకూ నాన్న పేరు మీద రెండెకరాలుంది, కౌలుకే ఇచ్చాం. "సంతకం పెడితే పొలం పోతుందిరా" అని నాన్న భయం. ఆ కార్డు పంట మీద హక్కే గానీ భూమి మీద హక్కు కాదని చట్టంలోనే ఉంది. కాగితం తెచ్చి ఆయనకి చదివి వినిపిస్తే రెండు రోజులు ఆలోచించి ఈ ఏడు సంతకం పెట్టారు. చేస్తున్నాయనకి బ్యాంకు అప్పు వచ్చింది. మాకు పోయిందేమీ లేదు.

కాబట్టి ఈసారి టీ దగ్గర "ఊరెళ్ళి వ్యవసాయం చేస్తా" అనబోయే ముందు, ఆ పొలం ఇప్పుడు ఎవరు చేస్తున్నారో ఆ మనిషి పేరు చెప్పండి. తెలియకపోతే ఇంటికి ఫోన్ చేసి కనుక్కోండి. కార్డు మీద సంతకం పెట్టారో లేదో కూడా అడగండి. మీ రిటైర్మెంటు సంగతి తర్వాత మాట్లాడుకుందాం.