చెంబు చేతికి అందించకండి



2020 మార్చి 25న దేశమంతటా లాక్‌డౌన్ మొదలైన సంగతి మనమెవరమూ మరచిపోలేదు. దానికి రెండు రోజుల ముందే మా పెద్దబ్బాయి బెంగుళూరు నుండి పుత్తూరు దగ్గరున్న మా పల్లెకు వచ్చి చేరినాడు. కంప్యూటరు కంపెనీ వారు ఇంటి నుండే పని చేయమన్నారు. పండుగకు వచ్చి రెండు రోజులుండి పోయే బిడ్డ నెలల తరబడి కళ్ళ ముందుంటాడంటే మా సంతోషము ఇంతా అంతా కాదు. ముందు గదిలో కిటికీ దగ్గర బల్ల వేసి ఇచ్చినాము.

ఉదయము తొమ్మిదికి కూర్చుంటే రాత్రి ఎనిమిదికి గాని లేచేవాడు కాదు. ఇడ్లీ బల్ల దగ్గరకే, కాఫీ బల్ల దగ్గరకే, మధ్యాహ్నము సంగటి, ఊరిబిండి కూడా బల్ల దగ్గరకే. దాహమంటే చెంబు చేతికి. "నువ్వు లేవద్దు నాయనా, నేను తెస్తా" అని వాళ్ళమ్మ రోజుకు పదిసార్లు అనేది. బిడ్డ కష్టపడుతున్నాడు, మనము చేయగలిగింది ఇంతే గదా అనుకున్నాము.

ఏడాది తిరిగేసరికి ఒళ్ళు వచ్చింది. నడుము పట్టేసింది. సాయంత్రానికి పాదాలు ఉబ్బేవి. రక్తపరీక్ష చేయిస్తే చక్కెర హద్దు దాకా వచ్చి ఉన్నది. వయసు 32. డాక్టరమ్మ చీటీ రాయక ముందు ఒకే ప్రశ్న అడిగినారు. "నీకు నీళ్ళు ఎవరు తెచ్చిస్తారు?" "అమ్మ" అన్నాడు. ఆమె వాళ్ళమ్మ వైపు చూసి, "నీ నడక కూడా ఈమే నడుస్తున్నారు. నీ వంతు నువ్వు తీసుకో" అన్నారు. ఆ మాటకు మేమూ తలవంచుకున్నాము. ఎందుకంటే వసారాలో పేపరు పట్టుకుని కూర్చున్న మాకు కూడా కాఫీ చేతికే వచ్చేది.

ఈ నెల ఆ విషయమే మాట్లాడుకుందాము. లాక్‌డౌన్ ఎప్పుడో పోయినది గాని, ఇంటి నుండి పని చేసే బిడ్డలు మన ఊళ్ళలో ఇప్పటికీ ఉన్నారు.

ఇంట్లోనే పని చేసుకొనడము మనకు కొత్త కాదు. కొరింథులో అకుల, ప్రిస్కిల్ల ఇంట ఉండి పౌలు వారితో కలిసి డేరాలు కుట్టిన సంగతి మనకు తెలిసినదే. మన వైపున మదనపల్లె నీరుగట్టువారిపల్లెలో పట్టుచీరలు నేసేవారికి ఇల్లే పనిచోటు. అయితే ఆ పాత పనులను కాస్త గమనించండి. చేమగ్గము ముందు కూర్చున్నా కాళ్ళు ఊరికే ఉండవు. కింది చెక్కలను తొక్కుతూనే ఉండాలి. శ్రీకాళహస్తి కలంకారీ చూడండి. వెదురు కలముతో గీత గీసేటప్పుడు గంటలకొద్దీ వంగి కూర్చోవలసినదే. కాని బట్టను ముందుగా కరక్కాయ కలిపిన పాలలో ముంచి ఆరబెట్టాలి. రంగుకూ రంగుకూ మధ్య పారే నీళ్ళలో జాడించాలి, ఉడకబెట్టాలి, ఎండలో పరచాలి. అక్కడ పనే మనిషిని లేపుతుంది.

కంప్యూటరు మనిషిని లేపదు. ఉత్తరము ఇవ్వడానికి పక్క గదికి పోనక్కరలేదు, మీటింగుకు మెట్లెక్కనక్కరలేదు. ఆఫీసుకు పోయే రోజుల్లో బస్టాపు దాకా నడిచిన నడక కూడా లేదు. కుట్టు మిషను సంగతీ అంతే. తొక్కే మిషనుకు మోటారు తగిలించినాక మోకాళ్ళ నొప్పులున్నవారికి సుఖమే గాని, ఆ కాళ్ళకు మునుపున్న పని పోయినది.

కూర్చుంటే ఏమవుతుందని అడుగుతారేమో. మన తొడల్లో, పిక్కల్లో పెద్ద కండరాలున్నాయి. అవి కదిలినప్పుడు రక్తములోని చక్కెరను లాక్కుని వాడుకుంటాయి. పిక్క బిగిసి వదులైనప్పుడల్లా కాలిలోని రక్తము పైకి, గుండె వైపుకు నెట్టబడుతుంది. గంటలకొద్దీ కదలకపోతే ఈ రెండు పనులూ మందగిస్తాయి. సాయంత్రానికి పాదాలు ఉబ్బడానికి ఇదొక కారణము.

ఈ సంగతిని లండనులో జెర్రీ మోరిస్ అనే డాక్టరు బస్సుల్లో గమనించినాడు. అక్కడివి రెండంతస్తుల బస్సులు. డ్రైవరు రోజంతా కూర్చుంటాడు. కండక్టరు టిక్కెట్ల కోసము మెట్లు ఎక్కుతూ దిగుతూ ఉంటాడు. బస్సు అదే, వేళలు అవే. అయినా గుండెజబ్బులు డ్రైవర్లకంటే కండక్టర్లకు తక్కువగా వచ్చినవని 1953లో ఆయన ప్రకటించినాడు.

మనకు ఇది దూరపు సంగతి కాదు. భారత వైద్య పరిశోధన మండలి వారి సర్వే 2023లో వెలువడినది. దాని ప్రకారము మన దేశములో చక్కెర వ్యాధి ఉన్నవారు సుమారు 10 కోట్ల 10 లక్షలు. మా అబ్బాయిలాగా హద్దు దగ్గర నిలబడినవారు మరి 13 కోట్ల 60 లక్షలు.

"నేను పొద్దున్నే అరగంట నడుస్తున్నాను, చాలదా?" అనేవారున్నారు. ఆ నడక ఎంతో మంచిది, మానవద్దు. వారానికి 150 నుండి 300 నిమిషాలు ఒక మోస్తరు శ్రమ చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పినది. దానితోపాటు కూర్చునే సమయాన్ని కూడా తగ్గించుకోమన్నది. రోజుకు ఎనిమిది గంటలకు మించి కూర్చునేవారికి ఆ కీడు పోవాలంటే 60 నుండి 75 నిమిషాల చురుకైన నడక వంటిది కావాలని, పది లక్షల మందికి పైగా వివరాలను పరిశీలించి 2016లో కొందరు పరిశోధకులు తేల్చినారు. అంత తీరిక ఎందరికున్నది? కాబట్టి కూర్చునే గంటలనే మధ్యమధ్య తుంచడము మేలు.

మా ఇంట్లో చేసి చూసినవి చెబుతాము.

మొదటిది, నీళ్ళ చెంబు వంటింట్లోనే పెట్టినాము. దాహమైతే లేచి పోయి తాగాలి. తాగిన చెంబు కడిగి పెట్టాలి. తిండి బల్ల దగ్గరకు రాదు. అందరితోపాటు చాప మీద కూర్చుని తినాలి. కింద కూర్చుని లేవడము కూడా కాళ్ళకు మంచి పనే.

రెండవది, అరగంటకొకసారి లేవడము. ఫోనులో గంట పెట్టుకున్నాడు. రెండు నిమిషాలు పెరట్లోకి పోయి వస్తే చాలు. ఫోను మాట్లాడేటప్పుడు వసారాలో నడుస్తూ మాట్లాడతాడు.

మూడవది, అన్నము తిన్న వెంటనే మంచమెక్కకుండా పది నిమిషాలు మెల్లగా నడవడము. భోజనము తరువాత పెరిగే చక్కెరను ఇది కొంత అదుపు చేస్తుంది.

నాలుగవది, మంచము మీద కూర్చుని పని చేయకపోవడము. పాదాలు నేలకు ఆనాలి, వీపుకు ఆనుకోను ఉండాలి, తెర కంటికి ఎదురుగా ఉండాలి. మేము పాత పుస్తకాలు నాలుగు పేర్చి ఎత్తు చేసినాము. అట్లాగని రోజంతా నిలబడమని కాదు. నిలువుకాళ్ళ పని చేసేవారికీ నరాలు ఉబ్బుతాయి. కూర్చోవాలి, లేవాలి, మళ్ళీ కూర్చోవాలి.

చెనిక్కాయలు ఒలిచే అక్కచెల్లెండ్రకు, చింతపండు కొట్టేవారికి, మిషను కుట్టేవారికి, టీవీ ముందు కూర్చునే పెద్దలకు కూడా ఇదే మాట. ఒక చేట ఒలిచినాక లేచి నాలుగడుగులు వేయండి. అయితే ఒక జాగ్రత్త. ఒక కాలు మాత్రమే ఉబ్బి, పిక్క నొప్పిగా, వేడిగా ఉంటే దానిని పిసకవద్దు. వెంటనే ఆసుపత్రికి పోవాలి. గుండెజబ్బు, ఆయాసము, పాదాల్లో పుండ్లు ఉన్నవారు డాక్టరును అడిగి తరువాతే నడక పెంచుకోవాలి.

పొలములో పొద్దంతా నడుము వంచి వచ్చినవారికి ఈ ఉపదేశము అక్కరలేదు. వారికి కావలసినది కూర్చోవడమే. ఇక్కడే అసలు సంగతి ఉన్నది. చాలా ఇండ్లలో కూర్చునేవారు కూర్చునే ఉంటారు, నడిచేవారు నడుస్తూనే ఉంటారు. కూలి నుండి వచ్చిన తల్లే మళ్ళీ లేచి అందరికీ వడ్డిస్తుంది. కూర్చునే వారికి నడక కావాలి, నడిచే వారికి విశ్రాంతి కావాలి. రెండింటికీ ఒకటే మందు, పని పంచుకోవడము.

మా అబ్బాయికి ఆరు నెలల తరువాత మళ్ళీ పరీక్ష చేయిస్తే చక్కెర హద్దుకు కిందికి దిగినది. నడుము నొప్పి అప్పుడప్పుడు పలకరిస్తుంది గాని మునుపంత లేదు. ఇప్పుడు సాయంత్రము నాలుగు గంటలకు టీ పెట్టడము వాడి పని. మేము ఆరిన బట్టలు తెచ్చి మడత పెడతాము. ఆ కాసేపు వాళ్ళమ్మ వసారాలో కాళ్ళు చాపుకుని కూర్చుంటుంది. మొదట్లో ఆమెకు ఊరికే కూర్చోవడము చేతనయ్యేది కాదు. "నేను లేస్తాలే" అంటూ ఉండేది. మెల్లగా అలవాటైనది.

మీ ఇంట్లో చెంబు ఎక్కడున్నదో ఈ రోజే చూసుకోండి. వచ్చే నెల మళ్ళీ కలుసుకుందాము.