గొల్లభామ గడప దాటింది

కిందటేడు అక్టోబరులో సియాటిల్‌లో అమ్మాయి ఇంట్లో ఉన్నప్పటి సంగతి. ఎనిమిదేళ్ల మా మనవడు సాయంత్రమైతే నన్ను పార్కుకు లాక్కెళ్లేవాడు. ఒకరోజు చేతిలో వాళ్ల నాన్న ఫోను పట్టుకుని, అది చూపించిన దిక్కుకల్లా నడిచి, ఓ పెద్ద చెట్టు మొదట్లో మోకాళ్ల మీద కూర్చుని రాళ్లు తీయడం మొదలెట్టాడు.

"ఒరేయ్, పురుగూ పుట్రా ఉంటాయిరా!" అని అరిచాను.

"పురుగే ఉంది తాతయ్యా!" అంటూ ఓ ప్లాస్టిక్ డబ్బా బయటికి తీశాడు. అందులో చిన్న నోటు పుస్తకం, పెన్సిలు ముక్క, నాలుగు గోళీలు, బొటనవేలంత ఆకుపచ్చ గొల్లభామ బొమ్మ. దానికి గొలుసుతో ఓ రేకు బిళ్ల, బిళ్ల మీద నంబరు.

గొల్లభామని చూసి ఎన్నేళ్లయిందో! చిన్నప్పుడు మా చేలగట్ల మీద ముందు కాళ్లు రెండూ ముడిచి దండం పెడుతున్నట్టు నిలబడేది. మనం ఎటు కదిలితే అటు మెడ తిప్పి చూసేది. దండం పెడుతోంది కదా అని దగ్గరకెళ్లిన ఈగ పని అంతే. ఆ చేతులకు ముళ్లుంటాయి మరి.

"ఎవరో పాపం పారేసుకున్నట్టున్నారు. అక్కడే పెట్టెయ్" అన్నాను.

"పారేసుకోలేదు తాతయ్యా. అది ప్రయాణంలో ఉంది!"

ఆ రాత్రి అల్లుడు విడమరిచి చెబితే గానీ నాకు బోధపడలేదు. ఈ ఆట పేరు జియోక్యాచింగ్. ఒకప్పుడు అమెరికా ప్రభుత్వం మామూలు జనం వాడే జీపీఎస్ సంకేతాల్లో కావాలనే తేడా కలిపేది. అందుకని చూపించిన చోటుకీ అసలు చోటుకీ 100 మీటర్ల దాకా ఎడం వచ్చేది. 2000 మే 2న ఆ అడ్డు తీసేశారు. మర్నాడే డేవ్ ఉల్మర్ అనే ఆయన ఆరెగాన్ రాష్ట్రంలోని బీవర్‌క్రీక్ దగ్గర ఓ బకెట్టులో పుస్తకాలూ, బీన్స్ డబ్బా లాంటి సామాన్లేవో పెట్టి దాచాడు. దాని అక్షాంశ రేఖాంశాలు ఇంటర్నెట్‌లో ప్రకటించాడు. రెండు మూడు రోజుల్లోనే జనం వెతికి పట్టుకున్నారు. ఇవాళ ప్రపంచమంతటా అలాంటి డబ్బాలు 30 లక్షలకు పైనే ఉన్నాయి.

గొల్లభామ మెడలో బిళ్లలాంటివి 2001లో వచ్చాయి. వాటికి ట్రావెల్ బగ్ అని పేరు. అంటే మావాడు చెప్పినట్టు పురుగే! దొరికినవాళ్లు తీసుకెళ్లి మరో డబ్బాలో పెట్టాలి, ఆ నంబరు వెబ్‌సైట్‌లో నమోదు చెయ్యాలి. ఎక్కడెక్కడ తిరిగిందో, ఎంత దూరం వెళ్లిందో యజమాని ఇంట్లో కూర్చునే చూసుకుంటాడు. 2008లో రిచర్డ్ గారియట్ అనే యాత్రికుడు ఇలాంటి బిళ్లనే అంతరిక్ష కేంద్రానికి తీసుకెళ్లాడు. 2021లో అంగారకుడి మీద దిగిన పర్సెవరెన్స్ రోవర్‌లోనూ ఈ ఆట నంబరొకటి ఉంది.

మన గొల్లభామ యజమాని ఓ బడిలోని మూడో తరగతి. గోడకు ప్రపంచపటం తగిలించుకుని, అది వెళ్లిన చోటల్లా గుండుసూది గుచ్చుతున్నారట. ఇంకా ఆసియా వైపు సూది పడలేదు. మావాడు దాన్ని నా సంచిలో వేసి, "ఇండియా తీసుకెళ్లు తాతయ్యా" అన్నాడు. "అదెంత పని!" అన్నాను.

హైదరాబాద్ వచ్చాక దాన్ని షోకేసులో పెట్టాను. వచ్చినవాళ్లందరికీ కథ చెప్పి మెప్పు పొందాను. తర్వాత పెళ్లిళ్లు, మోకాలి నొప్పి, ఎండలు... రెండు వారాలకు మించి దగ్గర పెట్టుకోకపోవడం ఈ ఆటలో మర్యాద. నా దగ్గర ఏడు నెలలుంది.

మే నెలలో మనవడు ఫోన్ చేశాడు. "తాతయ్యా, ఆ క్లాసువాళ్లు మెసేజ్ పెట్టారు, గొల్లభామ క్షేమమేనా అని. జూన్‌లో వాళ్ల క్లాసు అయిపోతుంది."

సిగ్గుతో నోట మాట రాలేదు. నేను దొంగతనం చెయ్యలేదు, నిజమే. కానీ ఎక్కడో పటం ముందు నిలబడ్డ పిల్లలకు ఆ తేడా ఎలా తెలుస్తుంది? తాళం లేని డబ్బా, కాపలా లేని చెట్టు, ముఖం ఎరగని మనుషులు. వీళ్ల మధ్య ఇన్నాళ్లూ భద్రంగా తిరిగిన బొమ్మ నా అద్దాల బీరువాలో ఆగిపోయింది.

మర్నాడు పొద్దున్నే పైవాటా ఇంజినీరు కుర్రాణ్ణి వెంటేసుకుని బయల్దేరాను. మొదటి డబ్బా దొరికింది గానీ అగ్గిపెట్టెంత ఉంది, గొల్లభామ పట్టలేదు. రెండోది ఊరి చివర గుట్ట మీద. ఫోను 'ఇక్కడే' అంటుంది, కంటికేమో రాళ్లే! ముప్పావు గంట వెతికాక ఓ బండ సందులో చెయ్యి తగిలింది. పుస్తకంలో పేరు రాసి, గొల్లభామని లోపల పెట్టి, మూత బిగించాను. కుర్రాడు అక్కడికక్కడే నమోదు చేశాడు. సియాటిల్ నుంచి దాదాపు 12,500 కిలోమీటర్లు! నాలుగు రోజులకు మనవడు కబురు చెప్పాడు, హైదరాబాద్ మీద సూది గుచ్చారని.

అప్పట్నుంచీ గుట్ట వైపు వెళ్లినప్పుడల్లా ఓ కన్నేసి వస్తున్నాను. కిందటి వారం చూస్తే డబ్బాలో గొల్లభామ లేదు. వెబ్‌సైట్‌లో ఎవరూ నమోదు చెయ్యలేదు. గాభరాగా సియాటిల్‌కు ఫోన్ చేశాను. "ఎవరో ఎత్తుకుపోయారురా!"

మావాడు నవ్వాడు. "కంగారుపడకు తాతయ్యా. వాళ్లింట్లో కూడా షోకేసు ఉందేమో!"